విప్పదగిన పెట్టె: కంప్యూటరు కూర్పు చరిత్ర

పల్లెలో ఎడ్లబండి ఇరుసు విరిగినచో బండిని ఎవరును పారవేయరు. వడ్రంగి క్రొత్త ఇరుసు చెక్కి యిచ్చును. కమ్మరి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించును. బండి మరల పొలమునకు పోవును. కుండ, ఆకులు, ఇరుసు, నొగ, కాడి అను భాగములు వేరువేరుగ నుండుటయు, వాని కొలతలు పదిమంది పనివారికి తెలిసియుండుటయు దీనికి కారణములు. ఒక యూరివాడు చేసిన చక్రము వేరొక యూరివాని ఇరుసునకు సరిపడుటలో గొప్ప సత్యమొకటి ఇమిడియున్నది. కొలత నలుగురిదైనప్పుడు పనిముట్టు నలుగురిదగును.

బల్లపై నుంచుకొను కంప్యూటరు చరిత్రయు ఇట్టిదే. మన పట్టణములలో “అసెంబుల్డు కంప్యూటరు” అని పిలువబడు యంత్రమును ఎవరైనను విడిభాగములు కొని కూర్చుకొనవచ్చును. ప్రాసెసరు అమెరికా సంస్థ రూపొందించినది కావచ్చును. మదర్‌బోర్డు తైవాను సంస్థది కావచ్చును. మెమరీ కొరియా దేశపుది కావచ్చును. ఒకరినొకరు చూడని పనివారు చేసిన ఈ భాగములు ఒక స్క్రూడ్రైవరు సాయముతో గంట రెండు గంటలలో ఒక్క యంత్రముగ అమరిపోవును. ఈ సౌకర్యము తనంతట తాను వచ్చినది కాదు. కొలతలను దాచుకొనగోరిన వారికిని, వానిని బయటపెట్టిన వారికిని నడుమ ఏబది యేండ్లుగా సాగిన పెనుగులాట ఫలితమిది. ఆ కథ తెలిసినవానికి భాగముల యెంపికయు, కూర్పును గూడ తేలికగ బోధపడును.

తాళము వేసిన గదులు

1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు బ్రిటను నుండి హెచ్.ఇ.సి. 2ఎం అను యంత్రము వచ్చెను. మన దేశమున నెలకొన్న మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు అదియే. 1960లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చి శాస్త్రజ్ఞులు టిఫ్రాక్ అను యంత్రమును తామే నిర్మించి నడిపిరి. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. తెలుగుగడ్డ మీద తయారైన యంత్రమగుటచే అది మనవారు ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగినది.

అయితే ఆనాటి కంప్యూటర్లన్నియు సంస్థల సొత్తు. బీరువాలవంటి పెట్టెలలో అమర్చబడి, చల్లని గదులలో నుండి, శిక్షణ పొందిన కొలదిమందికే లొంగెడివి. చేసిన సంస్థయే బాగుచేయవలెను. చేసిన సంస్థయే క్రొత్త భాగము నీయవలెను. సామాన్యుడు దానిని ముట్టుకొను మాట అటుంచి, చూచుటయే అరుదుగ నుండెను.

1971లో ఇంటెల్ సంస్థ 4004 అను ప్రాసెసరును విడుదల చేసెను. గోరంత సిలికాను పలుకుపై 2,300 ట్రాన్సిస్టర్లు అమరియుండుట అందలి వింత. బీరువా చేయు పనిలో ముఖ్యభాగము చిటికెనవ్రేలిపై నిలుచు వస్తువులోనికి వచ్చెను. 1974లో వచ్చిన 8080 ప్రాసెసరు అంతకంటె శక్తివంతమైనది. ఇక గది అక్కరలేదు. కావలసినది ధైర్యము గల ఒక పనివాడు.

అంచెలో వచ్చిన యంత్రము

ఆ పనివాడు ఎడ్ రాబర్ట్స్. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున ఆల్బకర్కీ నగరములో ఆయన నడుపుచున్న ఎమ్.ఐ.టి.ఎస్. అను చిన్న సంస్థ అప్పులలో మునిగియుండెను. 1975 జనవరి నెల ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖపత్రముపై ఆ సంస్థవారి ఆల్టేర్ 8800 చిత్రము వెలువడెను. ధర 397 డాలర్లు. డబ్బు పంపినవారికి అంచెలో భాగముల మూట వచ్చును. టంకము వేసి కూర్చుకొను భారము కొన్నవానిదే. కొన్ని వందల మందియైనను కొందురా యని శంకించిన రాబర్ట్సునకు వేలకొలది ఆర్డర్లు వచ్చిపడెను.

ఆ యంత్రమునకు తెర లేదు, కీబోర్డు లేదు. ముందుభాగమున మీటలును, మినుకుమినుకుమను ఎర్రదీపములును మాత్రముండెను. మెమరీ 256 బైట్లు. తెలుగులో కొలదిపాటి చిన్న వాక్యములు మాత్రమే పట్టు చోటు. అయినను అందులో నొక మేలు దాగియుండెను. ప్రాసెసరు, మెమరీ మొదలగు వానికి వేరువేరు కార్డులు చేసి, వానినన్నిటిని 100 మొనలు గల ఒకే వరుస సాకెట్లలో గ్రుచ్చునట్లు రాబర్ట్స్ ఏర్పాటు గావించెను. ఆ 100 మొనలలో దేనిపై నేమి ప్రవహించునో తెలిసిన యెవడైనను దానికి తగిన కార్డు చేయగలడు. ఎమ్.ఐ.టి.ఎస్. వారి మెమరీ కార్డులు సరిగా పనిచేయక బాధించుచుండగా, ఇతర చిన్న సంస్థలు మంచి కార్డులు చేసి అమ్మసాగెను. రాబర్ట్సునకు ఇది కంటగింపయ్యెను. కాని ఎస్-100 అను పేర ఆ సాకెట్టు కొలత లోకమున వ్యాపించినది వారివలననే. ఆయన 1977లో సంస్థను అమ్మి, పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, జార్జియా రాష్ట్రమందలి ఒక చిన్న యూర డాక్టరుగ సేవచేసి 2010లో కాలధర్మము నొందెను.

1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఒక గృహస్థుని కారుషెడ్డున కొందరు కుతూహలపరులు గుమికూడిరి. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అను ఆ సంఘమున ఎవరికి తెలిసిన దానిని వారు పదిమందికి చెప్పుచుండిరి. సర్క్యూటు పటములను చేతులు మార్చుకొనుచుండిరి. పఠనమందిరమునకును దానికిని స్వభావములో భేదమంతగా లేదు. ఆ సంఘ సభ్యుడు స్టీవ్ వోజ్నియాక్ 1976లో ఆపిల్-1 బోర్డును నిర్మించెను. పెట్టె, పవర్ సప్లై, కీబోర్డు కొన్నవారే సమకూర్చుకొనవలసి యుండెను. 1977లో వచ్చిన ఆపిల్-2 యంత్రమున ఎనిమిది స్లాట్లుంచి, పైమూతను చేతితోనే తీయునట్లు చేసిరి.

ఒక పుస్తకము చేసిన పని

కంప్యూటరు ప్రపంచమున మకుటములేని రాజుగ నుండిన ఐ.బి.యం. సంస్థ ఈ చిన్న యంత్రములను చూచి మేలుకొనెను. ఫ్లారిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వమున ఒక చిన్న బృందమునకు ఈ పని నప్పగించెను. గడువు సుమారొక సంవత్సరము. ప్రతిభాగమును స్వయముగ రూపొందించు వ్యవధి లేదు. కావున వారు అంగడిలో దొరకు భాగములనే ఎన్నుకొనిరి. ప్రాసెసరు ఇంటెల్ వారి 8088. ఆపరేటింగ్ సిస్టము మైక్రోసాఫ్టువారిది. ఫ్లాపీ డ్రైవులు భారతదేశమున జన్మించిన సిర్జంగ్ లాల్ టాండన్ స్థాపించిన టాండన్ సంస్థవి. 1981 ఆగస్టు 12న ఐ.బి.యం. పి.సి. లోకమునకు వెల్లడింపబడెను. కనీస ధర 1,565 డాలర్లు. లోపల ఐదు స్లాట్లు.

యంత్రముకంటె విశేషమైనది దానితోబాటు ఆ సంస్థ ప్రకటించిన టెక్నికల్ రిఫరెన్స్ అను గ్రంథము. సర్క్యూటు పటములు, స్లాటులోని ప్రతి మొన వివరము, యంత్రమును మేల్కొల్పు బయాస్ అను ప్రోగ్రాము పూర్తిపాఠము అందులో అచ్చయ్యెను. మూల్యము చెల్లించిన ఎవరైనను దానిని కొని చదువవచ్చును. ఇతరులు ఈ యంత్రమునకు కార్డులు చేయవలెనని ఐ.బి.యం. వారి కోరిక. ఆ కోరిక వారనుకొనినదానికంటె నూరంతలుగ ఫలించెను.

గ్రంథమున అచ్చయినంత మాత్రమున బయాసును ఎత్తి వ్రాసికొనుటకు వీలులేదు. కాపీరైటు చట్టము అడ్డుగ నుండెను. 1982లో ముగ్గురు ఇంజనీర్లు స్థాపించిన కాంపాక్ సంస్థ దీనికొక యుక్తి పన్నెను. ఒక జట్టువారు ఐ.బి.యం. ప్రోగ్రామును చదివి, అది ఏ ప్రశ్నకు ఏ జవాబిచ్చునో మాత్రమే వివరించిరి. ఆ పాఠమును కంట చూడని రెండవ జట్టువారు ఈ వివరణను బట్టి స్వతంత్రముగ క్రొత్త ప్రోగ్రామును వ్రాసిరి. చదివినవారు వ్రాయరాదు, వ్రాయువారు చదువరాదు. ఇంతటి విచిత్రనియమము గ్రంథచరిత్రలో అరుదు. 1983లో, అమ్మకము మొదలైన తొలియేట, కాంపాక్ 53,000 యంత్రములను 11 కోట్ల 10 లక్షల డాలర్లకు విక్రయించెను. 1984లో ఫీనిక్స్ అను సంస్థ అట్టి బయాసునే తయారుచేసి అడిగినవారికెల్ల అమ్మజూపెను. అప్పటినుండి బోర్డు చేయగల ప్రతివాడును కంప్యూటరు చేయగలవాడయ్యెను. తైవాను ద్వీపమున బోర్డుల పరిశ్రమ వెల్లివిరిసెను.

ఐ.బి.యం. దీనిని సహింపలేకపోయెను. 1987 ఏప్రిలులో పి.ఎస్/2 అను క్రొత్త యంత్రములను దింపి, వానిలో మైక్రో ఛానెల్ అను క్రొత్త స్లాటు నుంచెను. దానిని వాడుకొనదలచినవారు రుసుము చెల్లింపవలెను. పాత కార్డులు అందులో పట్టవు. 1988లో కాంపాక్ మొదలగు తొమ్మిది సంస్థలు ఏకమై, పాత కార్డులు గూడ పట్టునట్టి ఈసా అను వేరొక స్లాటును ప్రకటించెను. కొనువారు తమ పాత కార్డులను వదలుకొనుటకిష్టపడలేదు. మైక్రో ఛానెల్ క్రమముగ మూలబడెను. విచిత్రమేమనగా, అదే యంత్రముతో వచ్చిన వి.జి.ఎ. తెర పద్ధతియు, గుండ్రని కీబోర్డు పిన్నును ఇతరులందరును అనుసరించుటచే చిరకాలము జీవించెను. నలుగురు అనుసరింపగలిగినది నిలిచెను. కంచె వేసినది వాడిపోయెను.

గాట్లలో దాగిన అనుభవము

1980ల నాటి కూర్పు నేటివలె సులువు కాదు. మెమరీ చిప్పులను ఒక్కొక్కటిగ సాకెట్టులో నొక్కవలెను. ఒక కాలు వంగినచో పని చెడును. ప్రతి కార్డునకును జంపర్లను చిన్న మూతలు మార్చి దానికొక ఇంటరప్టు సంఖ్య నీయవలెను. కాలువ నీటికి ఒకే వంతున ఇద్దరు రైతులు గండి కొట్టినచో ఇద్దరి మళ్లును ఎట్లెండునో, రెండు కార్డులకు ఒకే సంఖ్య పడినచో యంత్రమట్లు స్తంభించెడిది. అన్నిటికంటె అపాయకరమైనవి పవర్ సప్లై నుండి వచ్చు రెండు జత పిన్నులు. వానిని తారుమారు చేసి గ్రుచ్చినచో బోర్డు కాలిపోవచ్చును. “నల్లతీగల ప్రక్క నల్లతీగలు” అనునది ఆనాటి పనివారందరి కంఠస్థసూత్రము.

1992లో ఇంటెల్ ప్రవేశపెట్టిన పి.సి.ఐ. స్లాటు వలన కార్డులు తమ సంఖ్యలను తామే అడిగి పుచ్చుకొను పద్ధతి వచ్చెను. 486 ప్రాసెసరు కాలమున మీట గల సాకెట్లు వాడుకకు వచ్చి, బలవంతముగ నొక్కు అవసరము తీరెను. 1995లో ఇంటెల్ ఎ.టి.ఎక్స్. అను కొలతను ప్రకటించెను. బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244. స్క్రూ రంధ్రములెచ్చట నుండవలెనో, కీబోర్డు మొదలగువాని పిన్నులు వెనుక నేచోట నుండవలెనో అందున్నది. విద్యుత్తునకు ఒకే పిన్ను. అది తిరగవేసిన పట్టదు. నల్లతీగల సూత్రముతో పనిలేకపోయెను. ఆ కొలత ముప్పదియేండ్ల పిమ్మటను చెల్లుచునే యున్నది.

నేటి భాగములలోని ప్రతి గాటును ఇట్టి పాత ప్రమాదమొకదాని జ్ఞాపకచిహ్నమే. డి.డి.ఆర్.4 మెమరీకిని, డి.డి.ఆర్.5 మెమరీకిని 288 మొనలే యున్నను, నడిమి గాటు చోటు మార్చబడినది. ఒకదానిలో నొకటి పెట్టి చెడగొట్టుకొనకుండ చేసిన కాపుదల అది.

మన దేశమున

1978లో ఐ.బి.యం. సంస్థ భారతదేశమును విడిచివెళ్లెను. 1984 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన క్రొత్త కంప్యూటరు విధానము వలన దిగుమతి ఆంక్షలు సడలెను. 1997లో మన దేశము ప్రపంచ వాణిజ్య సంస్థవారి ఒప్పందమున చేరిన తరువాత విడిభాగములపై సుంకము దశలవారీగ తొలగెను. ఢిల్లీలో నెహ్రూ ప్లేసు, మద్రాసులో రిచీ వీధి, సికిందరాబాదున చెనాయ్ ట్రేడ్ సెంటరు విడిభాగముల అంగళ్లకు పేరుపొందెను. అచ్చట పనినేర్చిన యువకులు తమ జిల్లాలకు మరలివచ్చి చిన్న దుకాణములు తెరచిరి.

విప్పదగిన పెట్టె మన భాషకు చేసిన మేలొకటి మరువరానిది. ఆనాటి పి.సి. తెరపై ఆంగ్లాక్షరములు తప్ప వేరు లిపి లేదు. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి. యందు జిస్ట్ అను భారతీయ లిపుల సాంకేతికము రూపుదిద్దుకొని, తరువాత పూనాలోని సి-డాక్ సంస్థలో వృద్ధిపొందెను. దాని ఫలితముగ వచ్చిన జిస్ట్ కార్డును స్లాటులో గ్రుచ్చినంతనే అదే పెట్టె తెలుగును, ఇతర భారతీయ భాషలను చూపెను. స్లాటు మూసియున్నచో అమెరికా సంస్థ అనుమతికై మన అక్షరములు వాకిట నిలువవలసి యుండెడివి. తెరచియుండుటచే మన ఇంజనీర్లు ఎవరినడుగకయే వానిని లోనికి తీసికొనిపోయిరి.

ఎంపికయు, కూర్పును

ఈ చరిత్రవలన కలుగు నీతి ఎంపికకును వర్తించును. మొదట పని నిశ్చయింపవలెను. ఉత్తరములు, లెక్కలు, పాఠములు మాత్రమే పనియైనచో ప్రాసెసరులోనే యుండు గ్రాఫిక్సు చాలును; చలనచిత్రముల కూర్పునకును, పెద్ద ఆటలకును ప్రత్యేక గ్రాఫిక్సు కార్డు కావలెను. పిమ్మట ప్రాసెసరు, దాని సాకెట్టు గల బోర్డు, ఆ బోర్డునకు సరిపడు తరగతి మెమరీ. నిలువకు ఎస్.ఎస్.డి. నుంచినచో పాత హార్డుడిస్కుకంటె యంత్రము చాల చురుకుగ మేల్కొనును. భాగములన్నియు పుచ్చుకొను వాట్లను కూడి, దానిపై కొంత మిగులుండునట్లు పవర్ సప్లై నెన్నవలెను. అందరును పొదుపుచేయజూచునది ఇచ్చటనే. అందరును నష్టపోవునదియు నిచ్చటనే. నాసిరకపు పవర్ సప్లై చెడునప్పుడు ఒంటరిగ చెడదు. కరెంటు హెచ్చుతగ్గులు గల పల్లెలలో యు.పి.ఎస్., సరియైన ఎర్తింగు ఖర్చు క్రింద లెక్కింపదగినవి కావు, రక్షణ క్రింద లెక్కింపదగినవి.

కూర్పునకు తొందర శత్రువు. ముందుగ కేబినెట్టు ఇనుమును తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. బోర్డును దాని అట్టపెట్టెపై నుంచి, సాకెట్టు మీట ఎత్తి, మూలనున్న త్రిభుజపు గుర్తులను కలిపి ప్రాసెసరును వదలవలెను, నొక్కరాదు. దానిపై బఠాణీ గింజంత ఉష్ణవాహక లేపనమునుంచి ఫ్యానును బిగింపవలెను. ఎక్కువైన లేపనము మేలుచేయదు. మెమరీని గాటు చూచి రెండు చివరలను క్లిక్కుమను వరకు నొక్కవలెను. కేబినెట్టులో బోర్డు రంధ్రములున్న చోటులనే ఇత్తడి మేకులుండవలెను. రంధ్రము లేనిచోట మేకున్నచో బోర్డు వెనుక షార్టు సర్క్యూటు కలుగును. 24 మొనల పెద్ద పిన్నుతోబాటు ప్రాసెసరుకు ప్రత్యేకించిన చిన్న పిన్నును గూడ పెట్టవలెను. క్రొత్తవారు మరచునది అదియే. అన్నిటిని మూయకముందే ఒకమారు మీట నొక్కి తెర వెలుగుట చూచుకొనుట బుద్ధిమంతుల పద్ధతి.

మరల మూయబడు మూతలు

ఈ పెనుగులాట నేటికిని ముగియలేదు. ల్యాప్‌టాపులలోను, చిన్న కంప్యూటర్లలోను మెమరీని బోర్డుకే టంకము వేయుట పెరుగుచున్నది. 2020లో ఆపిల్ సంస్థ వెలువరించిన ఎమ్1 యంత్రములలో మెమరీ ప్రాసెసరుతో నొకే పొదుగున చేరినది. తరువాత పెంచుటకు వీలులేదు. దీనివలన వేగమును, విద్యుత్తు ఆదాయును కలుగుట నిజమే. కాని యొక భాగము చెడినచో మొత్తము మూలబడు ప్రమాదమును అంతే నిజము. 2022లో మన కేంద్రప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై సంఘము నియమించెను. 2024లో ఐరోపా సమాజము మరమ్మతు హక్కు శాసనమును ఆమోదించెను. బండి ఇరుసు మార్చుకొను హక్కువంటి దానికి శాసనము కావలసివచ్చుట కాలవైపరీత్యము.

ఐ.బి.యం. యంత్రముకంటె దానితో వచ్చిన పుస్తకము దూరము ప్రయాణించెను. ఆ యంత్రములు తుప్పుపట్టి వస్తుప్రదర్శనశాలలలో చేరినవి. ఆ పుస్తకమును చదివినవారి చేతిపని మాత్రము నేటి ప్రతి అసెంబుల్డు పెట్టెలోను జీవించియున్నది. కనుక కంప్యూటరు కొనదలచిన పాఠకుడు ధరయు, వేగమును అడుగుటతోబాటు మరియొక ప్రశ్న నడుగుట మేలు: ఈ మూత తెరచుకొనునా? తెరచుకొను మూత క్రింద రేపటి పిల్లవాడు నేర్చుకొనుటకు చోటుండును.